పొణికి కర్ర యుద్ధవిమానం

“పైలట్ వద్దులేవయ్యా. సీటు ఖాళీగా ఉంచెయ్యి. అదే బావుంటుంది.”

“ఖాళీగ ఎట్లుంచుతనన్నా? ఎగిరే విమానంల మనిషి లేకుంటే ఎట్ల? రేపు నుమాయిష్‌ల పోరగాళ్లు నవ్వుతరు.”

1964 జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, నాంపల్లి స్టేషను వెనక సందులో గడియారాల రామచందర్ ఇంటి ముందుగది. ఇరవయ్యొక్కేళ్ల కిందట రామచందర్ అన్న ఇంద్రసేన పట్టాళంలో లారీ డ్రైవరుగా వెళ్లి ఆఫ్రికా ఎడారిలో చనిపోయాడు. అదే కంపెనీలో లారీ నడిపిన ఏలూరు మనిషి బుచ్చిబాబు. రాజధాని హైదరాబాదుకు మారాక గుమాస్తాగా ఇక్కడికి వచ్చి, కాచిగూడలో ఉంటూ, ఈ ఇంటికి పెద్దకొడుకులా అయిపోయాడు. బల్ల మీద రామచందర్ మూడేళ్లుగా చెక్కి, మర్నాడు నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో పెట్టబోతున్న ఇటలీవాళ్ల యుద్ధవిమానం బొమ్మ ఉంది. దాని వంక చూడకూడదని బుచ్చిబాబు దారి పొడుగునా అనుకుంటూనే వచ్చాడు.

“నవ్వితే నవ్వనీ. నవ్వితే ఏం పోయింది?”

“గదేం మాటన్నా! మూడేండ్ల సంది నువ్వే గద నాకు చెప్పుకుంట వచ్చినవు. గీడ గీత ఉండాలె, గాడ మేకు ఉండాలె అని. ఇప్పుడు ఆఖరికొచ్చినంక పైలట్ వద్దంటవేంది? జర చూడు, తలకాయ చెక్కిన. శనగగింజంత ఉన్నది. మొఖానికి రంగు వేసుడొక్కటే మిగిలింది.”

“బావుంది. చాలా బాగా చెక్కావు. పెట్టు, అక్కడ పెట్టు.”

“చేతుల పట్టుకోని చూడన్నా.”

“వద్దొద్దు. నా చేతిలో పెడితే పడేస్తాను. అదేంటి, ఎడమ రెక్క పెద్దదైపోయింది? కొలత తప్పావా?”

“తప్పలే. అసలు విమానమే గట్లుంటది. ఎడమ రెక్క కుడి రెక్కకన్న ఎనిమిది అంగుళాలు ఎక్కువ. ముందల పంక తిరుగుతుంటే విమానం ఒక దిక్కు ఒరుగుతదట. గా ఒరుగుడు సరిపోవాల్నని గట్ల కట్టిన్రు. ఆబిడ్స్‌ల ఫుట్‌పాత్ మీద దొరికిన ఇంగ్లీషు పత్రికల ఉన్నది. మనది అడుగుకు అరంగుళం లెక్క గద, గందుకని ఇంచుల మూడోవంతు తేడా వచ్చింది. నువ్వు గుర్తు పడ్తవో లేదో అనుకున్న. పట్టినవు!”

“ఏదో కంటికి తేడాగా కనిపించింది. కర్రేమిటిది?”

“పొణికి. నిర్మల్ బొమ్మలోల్లు ఇచ్చిన్రు. అద్దమేమో దవాఖానల పారేసిన ఎక్స్‌రే ఫిల్ము, సోడాల నానబెట్టి కడిగిన. గీ మేకుల చుక్కలు చూసినవా? ఆడోల్ల గడియారం ముల్లుతోని ఒక్కొక్కటే గుచ్చిన. నాలుగు వేలు దాటినంక లెక్క పెట్టుడు బంద్ చేసిన.”

“కళ్లు పోతాయయ్యా.”

“పోనీ. వదినా! బుచ్చిబాబన్న వచ్చిండు. జర చాయ్ పెట్టు.”

“ఇప్పుడొద్దులే. అనసూయమ్మని శ్రమ పెట్టకు. బళ్లో పిల్లల కాగితాలు దిద్దుకుంటోందేమో.”

“పెడుతున్న అన్నా. కూచో. పోయిన ఆదివారం రాకపోతివి, పానం బాగలేదా?”

“బానే ఉన్నానమ్మా. ఏదో పనిబడి... బానే ఉన్నాను.”

“రంగు తడి ఆరలేదంట, చెయ్యి పెట్టకు. నన్ను సుత ముట్టనిస్తలేడు.”

“నేను ముట్టుకోనులేమ్మా.”

అనసూయ ఇంద్రసేన భార్య. గుమ్మం దాకా వచ్చి పలకరించి, చాయ్ పెట్టడానికి మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

“అన్నా, అసలు ముచ్చట చెప్పలే. గిది చూడు. శ్యామ్‌సుందర్ పెయింటర్ రాసిచ్చిండు. విమానం ముందల పెట్టే అట్ట.”

“నువ్వే చదువు. కళ్లజోడు తేలేదు.”

“జేబులనే ఉన్నది గద! సరే తియ్యి, నేనే చదువుత. ‘ఇటలీ దేశపు మాకీ యుద్ధవిమానము. 1943లో మా అన్న కీర్తిశేషులు ఇంద్రసేన గారిని బలిగొన్న విమానము ఇటువంటిదే. కన్నులారా చూచినవారు శ్రీ బుచ్చిబాబు గారు.’ ఎట్లున్నది?”

“నా పేరు తీసెయ్యి.”

“ఎందుకు?”

“నా పేరెందుకయ్యా మధ్యలో? చేసింది నువ్వు. పోయింది మీ అన్న. మధ్యన నేనెవణ్ణి?”

“నువ్వు లేకుంటే గీ విమానమే లేదన్నా. నాకు పదారేండ్లు అప్పుడు. నీ జాబు వచ్చింది. విమానం ఎండల్నుంచి దిగిందని, నెత్తి మీదికెల్లి పోయిందని, అన్న లారీ దిగి ఉరుకుతుంటే కొట్టిందని రాసినవు. అమ్మకు నేనే చదివి ఇనిపించిన. అప్పటిసంది అది ఎట్లుండెనో చూడాల్నని నాకు ఒక్కటే రంధి. రేపు పొద్దుగాల నువ్వు నా పక్కన నిలబడాలె. అడిగినోల్లకు చెప్పాలె. నుమాయిష్ కమిటీ వాళ్లతోని సుత చెప్పిన, కళ్లార చూసినాయన వస్తడని.”

“నన్నడక్కుండా ఎందుకు చెప్పావయ్యా?”

“అడిగేదేమున్నది? నువ్వు రావా?”

“రేపు ఆఫీసుంది.”

“సెలవు పెట్టు.”

“పెట్టడానికి కుదరదు. కుదరదంటే కుదరదు.”

“సరే, కోపం జేయకు. పైలట్ సంగతన్న చెప్పు. మొఖం కనబడ్డదని రాసినవు గద. మీసం ఉండెనా?”

“ఏమో.”

“ఏమో అంటే?”

“లేదు. లేదనుకుంటా. ఉందేమో. ఇరవయ్యేళ్ల మాట. దుమ్ము, ఎండ. ఎవరికి గుర్తుంటుంది?”

“మేకులు ఎన్ని వరుసలో గుర్తున్నయి, మొఖం గుర్తు లేదా?”

“అడ్డదిడ్డంగా అడక్కు రామచందర్.”

“అడ్డదిడ్డం ఏమున్నదన్నా, బొమ్మ సక్కగ రావాల్నని అడుగుతున్న. ఇంకొక్కటి సుత ఉన్నది, మర్చిపోయిన. రెక్కల్ల తుపాకులు. పుస్తకంల బొమ్మకు ముక్కు మీద రెండే ఉన్నయి. నువ్వేమో రెక్కకొకటి ఉండెనన్నవు. నువ్వు పొరపాటు పడ్డవనుకున్న. కాని మొన్న ఇంకో పత్రిక దొరికింది. తర్వాత కట్టినవాటికి రెక్కల్ల సుత పెట్టిన్రట. నీదే కరెక్టు.”

“చూశావా మరి.”

“ఔ. కాని గాడ రాసింది, తుపాకి బయటికి పొడుచుకోని ఉండదట. రెక్క అంచుల చిన్న చిల్లు మాత్రమే ఉంటదట. వేలు దూరేటంత.”

“అంతే. అంతే ఉంటుంది.”

“గదే అడుగుతున్న. నెత్తి మీదికెల్లి గంత జోర్ల పోయే విమానానికి వేలంత చిల్లు నీకెట్ల కనబడ్డది?”

“పేలినప్పుడు మంట వస్తుంది కదా. మంట కనపడింది.”

“మంట. సరే. టైరు?”

“టైరేమిటి?”

“టైరు మీద గీతలు నువ్వే గీసిచ్చినవు, పోయిన ఏడు ఉగాదికి. కాగితం ఇంక ఉన్నది నా దగ్గర. ఎగిరే విమానానికి చక్రాలు లోపటికి మడిచి ఉంటయి గద. నేను సుత మడిచే పెట్టిన. మరి నువ్వెట్ల చూసినవు?”

“అలాంటివి బోలెడు చూశామయ్యా. ఆ ఎడారి నిండా అవే. వాళ్లు పారిపోతూ ఎక్కడివక్కడ వదిలేసిపోయారు. విరిగిపోయినవి, కాలిపోయినవి.”

“ఔనా? అవ్వి చూసి చెప్పినవా?”

“మరేమనుకున్నావు!”

“నేనేం అనుకోలే. గిట్ల ముందల్నే చెప్తే అయిపోవు గద. సీటుకు ఎడమ దిక్కు తోలు చినిగి, లోపటి వెంట్రుకలు బయటికి వచ్చినయని చెప్పినవు. అది సుత పడిపోయిన విమానం చూసే చెప్పినవా?”

“ఆఁ.”

“ఎప్పుడు చూసినవు? అన్న పోయినంకనా?”

“ఆఁ. తరవాతే.”

“తర్వాతంటే ఎన్ని రోజులకు?”

“రోజులెవరు లెక్కపెట్టారు! ఓ వారం. పది రోజులు.”

“అన్న పోయిన మర్నాడే నిన్ను దవాఖానల వేసిన్రంటివి. ఆర్నెల్లు మంచం దిగలేదంటివి. గాడికెల్లి సీదా ఓడెక్కించి పంపిన్రని అమ్మతోని చెప్పినవు. నేను పక్కనే ఉన్న.”

“అయితే ముందే చూసుంటాను.”

“ముందా, తర్వాతనా?”

“ముందు. ముందేనయ్యా. ఇద్దరం కలిసే చూశాం, నేనూ మీ అన్నా. ఇప్పుడు దాంతో నీకేం పని? బొమ్మ అయిపోయింది, బావుంది, రేపు తీసుకెళ్లు. అయిపోయిన బొమ్మకి ఈ ప్రశ్నలన్నీ ఎందుకు?”

“అన్న సుత చూసిండా? గా ముచ్చట ఎన్నడు చెప్పకపోతివి.”

“నువ్వడగలేదు.”

“నేను అడగలేదా? ఏడేండ్ల సంది అడుగుడు తప్ప ఇంకేం చేసిన్నన్నా? ఆఖరి దినాల్ల అన్న ఏం తిన్నడు, ఏం పాట పాడిండు, ఏ చెప్పులు వేసుకున్నడు... అన్నీ అడిగిన. ఇద్దరు కలిసి పడిపోయిన విమానం చూసిన్రు, గది చెప్పలేదు. ఎన్నడు చూసిన్రు?”

“వదిలెయ్యి.”

“అన్న పోయే ముందటి దినమా?”

“వదిలెయ్యమంటున్నానా.”

“అన్నా, నా దిక్కు చూడు. విమానం దిక్కు సుత చూస్తలేవు, నా దిక్కు సుత చూస్తలేవు. ఎన్నడు చూసిన్రు?”

“ఆ రోజే.”

“ఏ రోజు?”

“ఆ రోజేనయ్యా. మీ అన్న పోయిన రోజే. పొద్దున్న.”

“పొద్దున్న పడిపోయిన విమానం చూసిన్రు. తర్వాత ఇంకో విమానం వచ్చి...”

“ఇంకో విమానం లేదు.”

“ఏమన్నవు?”

“ఆ రోజు ఏ విమానమూ రాలేదు రామచందర్. ఆ వారంలోనే రాలేదు. ఆకాశం ఖాళీగా ఉంది.”

“మరి అన్నను ఎవరు కొట్టిన్రు?”

“అదే. ఆ విమానమే.”

“నేల మీద కూలబడ్డ విమానమా?”

“ఎడమ చక్రం విరిగి ఆ రెక్క ఇసకలో దిగబడిపోయింది. కుడి రెక్క ఇదిగో, ఇంత ఎత్తున లేచి ఉంది. పంకా వంగిపోయింది. మిగతాదంతా బానే ఉంది.”

“కూలబడ్డది దానంతటదే ఎట్ల కొడ్తదన్నా? లోపట మనిషి లేకుంట?”

“ఉన్నాడు.”

“ఇటలీవోడా? దాక్కోని ఉండెనా?”

“కాదు.”

“మరి ఎవరు?”

“ఆ తలకాయ నా చేతికివ్వు. ఇవ్వు, పడెయ్యనులే. దీనికి మీసం గియ్యకు. అప్పటికి నాకు సరిగ్గా మీసం రాలేదు.”

“ఏం మాట్లాడుతున్నవు?”

“సీట్లో కూచున్నది నేనయ్యా.”

అలా అనేశాక తన గొంతు తనకే ఎవరిదోలా వినపడింది బుచ్చిబాబుకి. గోడ మీద బాగుకి వచ్చిన గడియారాలు ఒక్కోటీ ఒక్కో టైము చూపిస్తున్నాయి.

“మందుగుండు దించి వస్తున్నాం. దారి పక్కన విమానాలు. చూద్దాం రమ్మన్నాడు మీ అన్న. దగ్గరికి పోకూడదని ఆర్డరుంది. పోయాం. నేనెక్కాను. మీ అన్న కింద నిలబడ్డాడు. నోటితో విమానంలా చప్పుడు చేస్తున్నాడు. నేను విమానం నడిపే కర్ర ఇటూ అటూ ఊపుతున్నాను. ఇద్దరం నవ్వుకుంటున్నాం.”

“చెయ్యి తగిలి పేలిందా?”

“తగిలింది.”

“అబద్ధం.”

“రామచందర్...”

“కర్ర పిడికి మీట ఉన్నదని, మీటకు అడ్డం కొక్కెం ఉన్నదని నువ్వే చెప్పినవు. కొక్కెం తీయనిది మీట కదలదని సుత నువ్వే చెప్పినవు. చూడు గీడ, ఇత్తడి తీగతోని చేసి పెట్టిన! నువ్వు చెప్పినట్టే! కొక్కెం తీసినవా లేదా?”

“తీశాను.”

“తీసి?”

“నొక్కాను. ఉత్తి డొక్కనుకున్నానయ్యా. ఎన్నాళ్ల నుంచి పడుందో, అందులో ఏముంటుందనుకున్నాను. మొదటిసారి నొక్కితే బుస్సుమంది, అంతే. రెండోసారి పేలింది. నాలుగో అయిదో గుళ్లు, ఆగిపోయింది. నేను దిగేసరికే... దిగేసరికే అయిపోయింది. బాధ పడలేదు. అమ్మతో చెప్పింది అదొక్కటీ నిజం.”

“పట్టాళమోల్లు అడగలేదా నిన్ను?”

“ఆర్డరు దాటి పోయామని తెలిస్తే పోయినవాడికీ చెడ్డపేరే అన్నాడు మా సుబేదారు. శత్రు విమానం కొట్టిందని ఆయనే రాసేశాడు. ఆ మాటే నేను జాబులో రాశాను. ఇక్కడికి బదిలీ అవగానే చెప్పెయ్యాలనే వచ్చాను, నమ్ము. అమ్మ నా రెండు చేతులూ పట్టుకుని, ఆఖరిదాకా మా వాడి పక్కన ఉన్నావు నాయనా అని కళ్లకద్దుకుంది. ఆ చేతులే. ఇంక నోరు రాలేదు.”

“అమ్మ పోయి రెండేండ్లయింది. అప్పుడన్న రాలేదా నోరు?”

“అప్పటికి నువ్వు ఈ బొమ్మలో పడ్డావు. వచ్చినప్పుడల్లా ఇవాళ చెబుదాం ఇవాళ చెబుదాం అనుకునేవాణ్ణి. నువ్వేదో అడిగేవాడివి, చెప్పేవాణ్ణి. ఒక్కో మేకూ చెబుతుంటే, ఎప్పటికో నీకే తెలిసిపోతుందని ఉండేది. తెలిసిపోవాలనే ఉండేది. భయంగానూ ఉండేది.”

“నాతోని చేయించినవు. మూడేండ్లు. నువ్వు కూచున్న సీటు నాతోని కుట్టించినవు.”

“అవును.”

“పండుగకు మా ఇంట్ల అన్నం తిన్నవు. అమ్మ పాడె మోసినవు.”

“అవును.”

“పో.”

“వెళతాను. ఒక్కమాట. ఆ అట్ట మీద నా పేరు తియ్యకు. ‘చూచినవారు’ అన్నది ఒక్కటీ కొట్టించెయ్యి. చేసినవాడు అని రాయించు. రేపు వచ్చి నీ పక్కన నిలబడతాను, అడిగినవాళ్లకి నేనే చెబుతాను.”

“నువ్వు రావద్దు. విమానం సుత రాదు. పో అంటున్న!”

చాయ్ గ్లాసులు రెండూ చేతిలో పట్టుకుని అనసూయ గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి అక్కడుందో ఇద్దరూ చూడలేదు.

“కూచో అన్నా.”

“వదినా, నువ్వు లోపటికి పో. నువ్వు ఇనేది కాదు గిది.”

“ఇన్న. మొదట్నుంచి ఇన్న. చాయ్ చల్లారింది.”

“అమ్మా, నేను...”

“నువ్వు కూచో. నాకు ఒక్కటి చెప్పాలె. మొదటిసారి నొక్కితే ఏం కాలేదంటివి. మరి రెండోసారి ఎందుకు నొక్కినవు?”

“అదడక్కమ్మా.”

“అడుగుత.”

“అది చెబితే నా మీదిది తీసి ఆయన మీద పెట్టినట్టవుతుంది. తప్పంతా నాదే. నొక్కిన చెయ్యి నాది. ఆ మాట నాతోనే పోనీ.”

“నేను ఆయన పెండ్లాన్ని అన్నా. ఏడు నెలలు కాపురం చేసిన. ఉన్నదున్నట్టు చెప్పు. ఆయన ఏమన్నడు?”

“...కుడి రెక్క చిల్లుకి గుండె ఆనించి నిలబడ్డాడు. నేను నొక్కితే బుస్సుమంది కదా, పగలబడి నవ్వాడు. రెక్క మీద చరిచి, ‘ఉత్త డబ్బా బే గిది! ఇంకోసారి నొక్కు, ఇంకోసారి’ అన్నాడు.”

“చచ్చినోని మీద వేస్తున్నవా! నీకు నోరెట్ల వచ్చింది? నా అన్న గట్ల అంటడా? వదినా, చూసినవా, ఇంక అబద్ధమే చెప్తున్నడు!”

“అరవకు రామచందర్. అబద్ధం కాదు.”

“నీకెట్ల తెలుసు?”

“జాబుల ఈ అన్న ఏం రాసిండు? ఆఖరికి ఆయన ‘అమ్మను మంచిగ చూసుకో, అనసూయకు ధైర్యం చెప్పు’ అన్నడని రాసిండు. గా జాబు ఇరవై ఒక్క ఏండ్లు నా పెట్టెల పెట్టుకోని చదివిన. ఒక్కనాడు సుత గా మాటల్ల ఆయన గొంతు ఇనబడలే. ఇయ్యాల ఇనబడ్డది.”